హ్యాండిల్ లేని ఆయిలింజను

మిరపకాయలు కల్లాల మీద ఎండే రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో నాలుగు రోజులు తిరిగొచ్చాను. పుణ్యం కోసం కాదు, చుట్టాల కోసమూ కాదు. నలభై ఆరేళ్ళ వయసులో చదువు కోసం. వచ్చి వారమైంది. కళ్ళ మంట పోయింది కానీ మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. సోమవారం ఇవ్వాల్సిన రిపోర్టు ఇంకా ఇవ్వలేదు. ఆ రిపోర్టు మొదలుపెట్టలేక, అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం ముందు ఇది రాస్తున్నాను. చూడదగ్గ కట్టడాలేవీ ఈ దారిలో లేవని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

నేను పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ని. మాది నెల్లూరు పక్కన పల్లె. ఉద్యోగం మాత్రం ఎక్కువకాలం ఈ రెండు జిల్లాల్లోనే గడిచింది. కిందటేడు మాలో కొందరిని ఒక యూనివర్సిటీలో ఏడాది కోర్సుకు పంపించారు. పోలీసు పనిని అలవాటు మీదా పెద్ద గొంతు మీదా కాకుండా ఆధారాల మీద నడపడం, ఒక సమస్యను పట్టుకుని దాని మూలం వెతకడం, అందుకు పరిశోధన ఎలా చెయ్యాలో నేర్చుకోవడం, ఇదీ చదువు. బందోబస్తుల్లో నిలబడడానికి పనికిరాని మోకాళ్ళు కాబట్టి నన్ను ఎంపిక చేశారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

మా మేడం నాకంటే పన్నెండేళ్ళు చిన్నవారు. నేను ఏది చెప్పినా ఆవిడ అడిగేది ఒకటే, "మీకెలా తెలుసు?" అని. ఇరవై రెండేళ్ళ సర్వీసు మేడం అన్నాను ఒకసారి. "అది సర్వీసండీ. నేనడిగింది ఎలా తెలుసని" అన్నారు. క్లాసులో నవ్వారు. నవ్విన వాళ్ళలో నాకంటే పెద్ద సర్వీసు వాళ్ళూ ఉన్నారు.

ఆవిడ బోర్డు మీద నాలుగు మెట్లు గీసేవారు. సమస్యను గుర్తుపట్టు. విడదీసి చూడు. ఏదో ఒకటి చెయ్యి. చేసింది పనిచేసిందో లేదో మళ్ళీ వెళ్ళి చూడు. మొదటి మూడూ మేమందరం ఏదో రకంగా చేసేవే. నాలుగోది నేను ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యలేదని అప్పుడే తెలిసింది.

నా ప్రాజెక్టు ఆయిలింజన్ల దొంగతనాలు. వాగుల్లో నీళ్ళు తోడి మిరప, పత్తి చేలకు పెట్టడానికి రైతులు గట్టు మీద డీజిలు ఇంజన్లు పెట్టుకుంటారు. అవి పోతుంటాయి. స్టేషన్ల రికార్డులు చూసి, గోడ మీద మ్యాపు పెట్టి, పోయిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టాను. ఒక వాగు పొడుగునా చుక్కలే. మధ్యలో ఒక్క ఊరు మాత్రం తెల్లగా ఉంది. అక్కడ ఉన్నది ఒకటే చుక్క, ఏడేళ్ళ కిందటిది. ఆ కేసు నాదే. మస్తాన్ అనే కౌలు రైతు ఇంజను పోతే పది రోజుల్లో దొంగతో సహా పట్టుకున్నాను. పేపర్లో ఫొటో పడింది, ప్రశంసాపత్రం వచ్చింది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఇంజను పోలేదు. కాబట్టి గట్టిగా పట్టుకుంటే దొంగలు దూరంగా ఉంటారన్నది నా సిద్ధాంతం.

"మీకెలా తెలుసు?" అన్నారు మేడం. "వెళ్ళి అడిగి రండి."

అందుకే బయల్దేరాను. సంచిలో ప్రశ్నల ఫారాల కట్ట ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన ఫారం మస్తాన్‌ది. దాని చివరి ప్రశ్న: పోలీసుల పని మీకు తృప్తినిచ్చిందా, అవునా, కాదా? ఆ ఒక్క అవును మీద నా రిపోర్టు నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే, నా సర్వీసులో చెప్పుకోవడానికి మిగిలింది కూడా ఆ ఒక్క ఇంజనే.

పెదకాకాని

నేను అద్దెకుంటున్నది పెదకాకానిలో. పొద్దున్నే బస్సు కోసం వస్తే గుడి ముందు కొత్త ట్రాక్టరుకు పూజ జరుగుతోంది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపు. మా వైపు కొత్త బండిని ఇంటిముందే కొబ్బరికాయ కొట్టి తిప్పేస్తారు. ఇక్కడ ఎంత దూరం నుంచైనా గుడికి తెచ్చి చూపించాకే పొలంలో దింపుతారు. ట్రాక్టరు తాలూకు రైతు నా చేతిలో కొబ్బరిముక్క పెట్టాడు. సరే, మొదటి ఫారం ఇక్కడే అయిపోనీ అనుకుని, ఫలానా ఎస్సైని, చదువు కోసం అడుగుతున్నాను అని చెప్పాను.

ఆయన వెంటనే తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "మాకేం ఇబ్బంది లేదండీ. మీవాళ్ళు బాగా చూసుకుంటన్నారు. రాసుకోండి."

చివరి ప్రశ్నకు అవును అని టిక్కు పెట్టాను. రెండు రూపాయల టీ తాగి బస్సెక్కాను. పని సుళువుగానే సాగేట్టుంది అనిపించింది.

పిడుగురాళ్ల

పిడుగురాళ్ల దగ్గరయ్యే కొద్దీ చెట్లు తెల్లబడతాయి. సున్నపు బట్టీల దుమ్ము ఆకుల మీద, పెంకుల మీద, పశువుల వీపుల మీద పేరుకుని ఉంటుంది. మా ఇంట్లో సున్నం అంటే పండక్కి ముందు గోడకు వేసే రెండు బాల్చీలు. ఇక్కడ ఊరే సున్నంలో మునిగి ఉంది. బస్సు దిగి గొంతు తడుపుకునే లోపలే నా నల్లప్యాంటు బూడిదరంగుకొచ్చింది.

నేను వెళ్ళింది కోటయ్యగారి ఇంటికి. మస్తాన్ కేసు నాటికి ఆయన మా స్టేషన్‌లో హెడ్ కానిస్టేబులు, ఇప్పుడు రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నాడు. దగ్గుతున్నాడు. "ఇక్కడందరూ దగ్గుతారులే" అని తనే కొట్టిపారేశాడు. వాళ్ళ కోడలు జొన్న అన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. నెల్లూరు మనిషిని కదా, నాకు పులుసు లేకపోతే అన్నం దిగదు. గోంగూరలో పడిన ఎండుమిర్చికి చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మజ్జిగ పోసింది.

ఫారాలు చూసి కోటయ్యగారు జాలిపడ్డాడు.

"ఏంది సార్ ఈ తిరుగుడు, ఈ మోకాళ్ళేసుకుని. లాడ్జిలో ఫ్యాను కింద కూర్చుని రాసుకోండి. సంతకాలు తర్వాత చూసుకోవచ్చు. ఎన్ని పంచనామాలు రాయలేదు మనం అట్టా?"

"అది వేరు, ఇది చదువు కోటయ్యగారూ."

"రాసేది మనమేగా సార్, ఏమైనా."

ఆయన అన్నది అబద్ధం కాదు. సంఘటన జరిగిన చోట చెట్టు కింద కూర్చుని పంచనామా రాయాలని రూలు. మేం స్టేషన్‌లో రాసుకుని, వెళ్ళేటప్పుడు సంతకాలు పెట్టించుకునేవాళ్ళం. ఏం దొరుకుతుందో తెలిసినప్పుడు ముందే రాసుకుంటే తప్పేంటి అనేది మా అందరి లెక్క. మస్తాన్ ఏమైనా అన్నాడా ఎప్పుడైనా అని అడిగాను. కోటయ్యగారు "మంచోడు సార్. మీరు బదిలీ అయ్యాక కూడా కొన్నాళ్ళు వచ్చేవాడు. టీ తాగి పోయేవాడు" అన్నాడు. నాకు సంతోషమనిపించింది. ఎందుకు వచ్చేవాడని అడగాలని తోచలేదు.

చిలకలూరిపేట

నరసరావుపేట దాటాక బస్సు టైరు పగిలింది. గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. పత్తి లారీలు వెళ్తుంటే వాటి బోరాల్లోంచి ఎగిరిన దూది తుమ్మకొమ్మలకు పట్టుకుని వేలాడుతోంది. ఒక ముసలాయన నా సంచి మీద కూర్చుంటానని అడిగి కూర్చున్నాడు. నేనెవరో చెప్పాక లేచి నిలబడిపోయాడు. వద్దండీ కూర్చోండి అన్నా వినలేదు. ఫారం నింపాను. తృప్తి ఉందా అంటే ఉందన్నాడు.

పేటలో లాడ్జి గది ఎనభై రూపాయలు, నల్లులు ఉచితం. పొద్దున హోటల్లో ఇడ్లీ తింటూ ఫారాలు ముందేసుకున్నాను. ఇడ్లీ మీద కారప్పొడి కుప్పగా పోసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు ఇక్కడ. వద్దన్నా పోస్తారు. ఆ ఎరుపు చూస్తూ, మోకాళ్ళు రాసుకుంటూ, మస్తాన్ ఫారం తీశాను. పేరు తెలుసు. పంట మిరప, తెలుసు. ఇంజను పోయిందా, పోయింది. ఫిర్యాదు ఇచ్చారా, ఇచ్చాడు. దొరికిందా, దొరికింది. అన్నీ తెలిసినవే. ఒక్కొక్కటీ నింపుకుంటూ పోయాను. చివరి ప్రశ్న దగ్గర కలం ఆగింది. మేడం గొంతు వినిపించిన మాట నిజమే. ఆ ఊళ్ళో ఎండలో నిలబడి రాసే బదులు ఇక్కడే అయిపోతుందిలే అనుకుని అవును మీద టిక్కు పెట్టాను. సంతకం గడి ఒక్కటే ఖాళీగా ఉంచాను.

ఇడ్లీ ఐదు రూపాయలు. బిల్లు దగ్గర యజమాని నన్ను గుర్తుపట్టి వద్దన్నాడు. బలవంతంగా ఇచ్చాను. ఆ ఇడ్లీ డబ్బులు ఇచ్చినందుకు నా నిజాయితీకి నేనే మురిసిపోయాను.

పర్చూరు

పర్చూరులో ఊరంతా పొగాకు వాసన. బేరన్ల వేడిలో పచ్చాకును ఆరబెట్టే రోజులు, తీపి కలిసిన ఆ వాసన చొక్కాలకూ, భోజనాల హోటల్లో నీళ్ళ గ్లాసులకూ కూడా పట్టుకుని ఉంటుంది. భోజనం పదిహేను రూపాయలు. వంకాయ ఎండురొయ్యల కూర నాకు ఈ నాలుగు రోజుల్లో దొరికిన ఒకే ఒక్క సుఖం. మా ఊరి చేపల పులుసును ఒక్క పూట మరిచిపోయాను.

అక్కడ నుంచి సర్వీసు ఆటో. ముగ్గురు కూర్చోవలసిన చోట మిరపకాయలు ఏరడానికి పోయే ఆడవాళ్ళు తొమ్మిదిమంది, మధ్యలో నేను. "ఏంది మావయ్యా, కాళ్ళు కాస్త లోపలికి పెట్టుకో" అంది ఒకామె. మోకాలు వంగదమ్మా అన్నాను. "వంగకపోతే ఇప్పి చేతిలో పట్టుకో" అంది. ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సరదాలో ఫారం సంగతి మరిచిపోయాను, వాళ్ళకు నేనెవరో చెప్పలేదు, ఏమీ అడగనూ లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తొమ్మిదిమందిని అడిగి ఉండాల్సింది.

పేరు రాయని ఊరు

ఆ ఊరి పేరు రాయను. మనకు వివరాలు చెప్పినవాళ్ళ పేరూ ఊరూ బయటపెట్టకూడదన్నది కోర్సులో నేర్పిన నియమం. మస్తాన్ అన్నది కూడా ఆయన అసలు పేరు కాదు. ఈ వైపు వీధికి నలుగురు మస్తాన్లుంటారు కాబట్టి ఆ పేరు పెట్టాను.

ఆటో దిగి వాగు గట్టు మీద నడిచాను. ఇంజన్లు కనిపించాయి. ఒక్కటి కూడా విడిగా లేదు. రెండేసి ఇంజన్లు పక్కపక్కన పెట్టి, మధ్యలో లావుపాటి గొలుసు, గొలుసుకు రెండు తాళాలు. ఇద్దరు రైతులూ వచ్చి ఇద్దరి తాళంచెవులూ పెడితే తప్ప ఏదీ కదలదు. ఇదేదో మా రికార్డుల్లో లేని సంగతి. తెల్లగా ఉన్న ఊరి అసలు కథ ఇదా అని మొదటిసారి అనుమానం వచ్చింది. నా పట్టు చూసి దొంగలు భయపడలేదు, గొలుసు చూసి తిరిగిపోయారు.

మస్తాన్ కల్లంలో ఉన్నాడు. మనిషి చిక్కాడు, గడ్డం తెల్లబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టి ఎదురొచ్చాడు. "ఎస్సైగారా. ఎన్నేళ్ళయింది సార్. రండి, నీడకు రండి." ఎర్రగా పరిచిన కాయల మధ్య దారి చేసుకుంటూ తాటాకుల పందిరి కిందికి తీసుకెళ్ళాడు. ఆయన భార్య జాన్‌బీ రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. లేచి చెంబుతో నీళ్ళిచ్చి మళ్ళీ కూర్చుంది. చేను ఇప్పుడు వేరే ఆసామిదట, వీళ్ళు పంటలో పాలుకు చేస్తున్నారట.

ఫారం సంగతి చెప్పాను. మస్తాన్ తలూపాడు. "అడగండి సార్. మీ పని నాకు బాగానే అనిపించింది. తృప్తే. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

చూశారా మేడం అనుకున్నాను. ఫారం తీసేముందు మర్యాదకు ఒక కాయ చేతిలోకి తీసుకుని, విరిచి, గింజ చూసి, బాగుంది మస్తాన్ సరుకు అన్నాను. చెమట కంట్లో పడుతుంటే అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

మిగతాది మీరు ఊహించుకోవచ్చు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి కల్లంలో గంతులేశాడు. కళ్ళు తెరవలేను, మూయలేను. జాన్‌బీ నన్ను మంచం మీద పడుకోబెట్టి, నీళ్ళు కొట్టి, తడిగుడ్డ కళ్ళ మీద వేసింది. "తియ్యమాకండి సార్, కాసేపట్టా ఉండండి" అంది. ఫారం నా జేబులోనే ఉండిపోయింది. చూడలేను, రాయలేను. చేయగలిగింది వినడం ఒక్కటే.

అప్పుడు మాట్లాడింది జాన్‌బీ.

"ఇందాక ఏదో అడిగారుగా సార్, తృప్తేనా అని. నిజం చెప్పమంటారా?"

"ఊరుకోవే" అన్నాడు మస్తాన్.

"ఎందుకూరుకోవాల? అడగబట్టే చెప్తన్నా. ఆ ఇంజను దొరక్కుండా ఉంటే బాగుండేది సార్."

గుడ్డ కింద నా కళ్ళు మండుతూనే ఉన్నాయి. ఎందుకమ్మా అన్నాను.

"పోయిందని తెలిసిన పొద్దున పక్కచేను ఆయన వచ్చాడు. మా ఇంజనుతో రెండ్రోజులకోసారి నీ చేనుకు పెడతాలే అన్నాడు. మా అన్న పాత ఇంజను చూసిపెడతానని కబురు చేశాడు. ఇంతలో మీరు పట్టుకున్నారు. పేపర్లో పడింది. ఇంక ఎవరూ రాలా. దొరికిందిగా, రేపో ఎల్లుండో తెచ్చుకుంటారుగా అన్నారు. మేమూ అదే అనుకున్నాం. ఈయన మూడ్రోజులకోసారి స్టేషన్‌కి పోయేవాడు. మీరు టీ ఇప్పించేవాళ్ళు. వచ్చేవాడు. చేను పూత మీదుంది సార్. ఒక్క తడి పెడితే నిలబడేది. ఆ తడి పడలా."

మస్తాన్ మెల్లగా అన్నాడు, "కోర్టుకు చూపించాల, ఇప్పుడిస్తే కేసు పాడైపోద్ది అన్నారుగా సార్ మీరు. మీ కేసు చెడగొట్టడం ఎందుకని నేను గట్టిగా అడగలా."

నేను ఆ మాట అన్నాను. నాకు గుర్తుంది. కోర్టులో ఒక అర్జీ పెట్టుకుంటే కేసు తేలేదాకా వాడుకోమని రైతుకే అప్పగిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఇంజను కళ్ళెదుట ఉంటే శిక్ష పడుతుందని నా ఆశ. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆయనకు నీళ్ళ తడి ఎంత అవసరమో నాకు ఆ శిక్ష అంత అవసరం అనిపించింది అప్పట్లో. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

"చేను?" అన్నాను.

"ఎండిపోయింది" అంది జాన్‌బీ. "మరుసటేడు కౌలు వదులుకున్నాం. మీరు మంచోరే సార్, మేం వేరే అనడం లేదు. మా సంగతి చూసి ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంజన్లకు జంట గొలుసులు వేసుకున్నారు. ఎవరిదన్నా పోతే పంట చేతికొచ్చేదాకా పక్కచేల వాళ్ళు నీళ్ళు పెట్టాల. స్టేషన్‌కి మాత్రం పోగూడదు. అదీ మాట. గొలుసులు తెంపి రెండుసార్లు తీసుకుపోయారు గానీ, చేను ఎవరిదీ ఎండలా."

రెండు దొంగతనాలు. నా మ్యాపులో ఆ ఊరు తెల్లగా ఉంది.

కళ్ళు తెరవగలిగాక లేచి కూర్చున్నాను. మస్తాన్ పందిరి గుంజకున్న మేకు నుంచి ఒక ఇనుప హ్యాండిల్ తీసి తెచ్చాడు. సాయంత్రం ఇంజను ఆపాక దాన్ని తిప్పి స్టార్టు చేసే హ్యాండిల్‌ని ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం ఈ వైపు రైతుల అలవాటు. మా నెల్లూరు పల్లెలో అందరివీ కరెంటు మోటార్లు, నాకు ఈ ఆచారం ఇక్కడే తెలిసింది. దొంగ ఎత్తుకెళ్ళింది హ్యాండిల్ లేని ఇంజను. నా పంచనామాలో నా చేత్తో నేనే రాశాను, హ్యాండిల్ లేని ఆయిలింజను ఒకటి అని.

ఏడేళ్ళయినా దాని మీద తుప్పు లేదు. "ఏటా తొలకరికి కాస్త నూనె రాస్తా సార్" అన్నాడు. "ఇది కూడా తీసకపోయి దాంతోనే పెట్టండి. విడిగా ఉంటే దేనికీ పనికిరావు."

సంతకం అడగలేదు. ఆయన మళ్ళీ తనంతట తనే ఎక్కడ పెట్టమంటారు అన్నాడు. తర్వాత చూద్దాంలే మస్తాన్ అన్నాను. ముందే పెట్టిన టిక్కు కనిపిస్తుందేమోనని జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. వెళ్ళేటప్పుడు జాన్‌బీ కళ్ళకు పెట్టుకోమని చిన్న సీసాలో ఆముదం ఇచ్చింది.

స్టేషన్ వెనక

నాలుగో రోజు పొద్దున ఒకప్పటి నా స్టేషన్‌కి వెళ్ళాను. దాని పేరూ రాయను. రికార్డులు చూసే కొత్త రైటరు కుర్రవాడు కాదు, నా వయసే ఉంటుంది, నాలాగే అలిసిపోయిన ముఖం. ఫైలు వెతికి తీశాడు. కేసు కొట్టేసి చాలాకాలమైంది. ఇంజను సొంతదారుకు ఇచ్చెయ్యమని కోర్టు ఉత్తర్వు అందులోనే ఉంది.

"మరి ఇవ్వలేదేం?"

"ఆయన రాలేదు సార్."

"చెప్పారా ఆయనకి?"

రైటరు కాగితాలు తిరగేశాడు. "చెప్పే ఉంటారు సార్. అప్పుడు నేను లేను."

అప్పుడు నేనూ లేను. బదిలీ అయ్యి వెళ్ళిపోయాను. కేసు ఏమైందో ఏ రోజూ అడగలేదు. ప్రశంసాపత్రానికి మాత్రం ఫ్రేము కట్టించుకున్నాను.

వెనక తుమ్మచెట్టు కింద పాత సైకిళ్ళు, ఒక ఆటో, వాటి పక్కన ఇంజను. పిచ్చితీగలు పైకి పాకాయి. ట్యాంకులో ఏదో పక్షి గూడు పెట్టింది. దానికి కట్టిన చీటీ మీద నా చేతిరాత వెలిసిపోయింది కానీ నాదేనని తెలుస్తోంది. చేతిలోని హ్యాండిల్ ఇంజనుకు పెట్టాను. సరిగ్గా కూర్చుంది. రెండు చేతులా పట్టుకుని తిప్పాను. కదల్లేదు. మోకాలు ఆనించి మళ్ళీ తిప్పాను. రైటరు వద్దు సార్, నడుం పట్టేస్తుంది అన్నాడు. ఇంజను ఎక్కడికక్కడ బిగుసుకుపోయి ఉంది.

హ్యాండిల్ ఇక్కడే పెట్టమన్నాను. రైటరు ఇబ్బందిపడ్డాడు. "లిస్టులో లేదు సార్. రేపు తనిఖీకి వచ్చి ఇదెక్కడిదంటే నేనేం చెప్పాలి?" ఆ లిస్టు రాసింది నేనే కాబట్టి హ్యాండిల్ ఊడదీసి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. మస్తాన్ వాళ్ళ ఊరి టెలిఫోను బూత్‌కి ఫోను చేశాను. కల్లంలో ఉన్నాడు, కబురు చెప్తాం అన్నారు. సాయంత్రం దాకా కూర్చున్నాను. రాలేదు. మిరపకాయలు ఎత్తే రోజుల్లో స్టేషన్‌కి ఎవరొస్తారు. ఉత్తర్వు నకలు తీసుకుని, ఆయనొస్తే ఇంజను ఇచ్చెయ్యమని కాగితం రాసి రైటరు చేతికిచ్చాను. "అలాగే సార్" అన్నాడు. ఆ అలాగే నేను ఎన్నిసార్లు అన్నానో నాకు తెలుసు.

గుంటూరు బస్సు

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో పట్టని హ్యాండిల్‌ని కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. సంచిలోంచి ఫారాల కట్ట తీసి చూశాను. ట్రాక్టరు రైతు, సంచి మీంచి లేచి నిలబడ్డ ముసలాయన, భోజనాల హోటలాయన, ఇంకా ఎందరో. ఎవరి ఫారం చూసినా అవునే. ప్రతి ఒక్కరికీ ముందు నేను ఎస్సైనని చెప్పి, తర్వాత పోలీసులు ఎలా ఉన్నారని అడిగాను. ఇన్నాళ్ళ చదువులో మేడం చెప్పిన మొదటి పాఠం అదే, అడిగే మనిషిని చూసి జవాబు మారుతుందని. నోట్సులో రాసుకున్నాను కూడా. అలసట తన్నుకొచ్చి కట్టను సంచిలో పడేశాను.

ఇంకొల్లు దగ్గర ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్ళో బుట్టనిండా రేగుపళ్ళు. బస్సు కుదుపుకు హ్యాండిల్ ఆమె కాలికి తగిలింది.

"ఏంది నాయనా ఇది, ఇంజను హ్యాండిలా?"

"అవునమ్మా."

"మరి ఇంజనేదీ?"

"దొంగలు ఎత్తుకెళ్ళారు. పోలీసులు పట్టుకున్నారు. స్టేషన్‌లో ఉంది."

ఆమె నావైపు తిరిగి నా ముఖంలోకి చూసింది. నేనెవరో ఆమెకు తెలియదు. నా కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, ఏడ్చానని అనుకుందేమో. బుట్టలోంచి గుప్పెడు పళ్ళు తీసి నా చేతిలో పెట్టింది.

"అయితే ఆశ వదులుకో నాయనా. దొంగ దగ్గరుంటే ఎప్పటికన్నా కంటపడేది."

ఏడాదిగా నన్ను అడుగుతున్న ప్రశ్నను మొదటిసారి నేను అడిగాను. "నీకెలా తెలుసమ్మా?"

"మాది కూడా దొరికింది నాయనా" అంది.